ఆఫీసులో మన పని మనం చూసుకుంటే చాలదా? తిరుపతి, చిత్తూరు ఉద్యోగులు తరచుగా అడిగే ప్రశ్నలు

రేణిగుంట, శ్రీసిటీ కంపెనీల్లో, తిరుపతి ఆసుపత్రుల్లో, కాలేజీల్లో, చిత్తూరు ప్రభుత్వ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళ దగ్గర మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలు ఇవి. కొన్నిటికి రెండు వాక్యాల జవాబు సరిపోయింది. భోజనం, అప్పులు, షూరిటీ సంతకాల దగ్గర మాత్రం వివరంగా రాశాం, గొడవలు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే కాబట్టి.

నేను ఎవరితోనూ పెద్దగా కలవను. పని చేసుకుని ఇంటికి వెళ్ళిపోతాను. ఇది తప్పా?

తప్పేమీ కాదు. మాట తక్కువ మనిషికి ఏ ఆఫీసైనా రెండు మూడు నెలల్లో అలవాటు పడిపోతుంది. "ఆయనంతేబ్బా, మాట తక్కువ, మనిషి మంచోడు" అని వాళ్ళే కొత్తవాళ్ళకు చెప్తారు.

చిక్కంతా నిలకడ లేకపోతేనే. సోమవారం నవ్వుతూ పలకరించి మంగళవారం ముఖం తిప్పుకుని పోతే, ఎదుటి మనిషి "నేనేం తప్పు చేసినాను?" అని రోజంతా మథనపడతాడు. మేనేజరుకు నమస్కారం పెట్టి, ఆ పక్కనే నిలబడిన అటెండరును చూడనట్టు పోతే పొగరు అంటారు. ఆ పేరు ఒకసారి వచ్చిందంటే ఏళ్ళు గడిచినా పోదు. ఎంత మాట్లాడతారన్నది మీ ఇష్టం. అందరితోనూ, రోజూ ఒకే తీరున ఉండాలి.

పొద్దున పలకరింపు, పనికి సంబంధించిన కబురు, తోటివాళ్ళ ఇంట్లో కష్టం: ఈ మూడింటి దగ్గర మాత్రం మౌనం పనికిరాదు. మిషన్ ఆగిందని గానీ, ఫైలు రేపటికి కాదని గానీ చెప్పకుండా కూర్చుంటే దాన్ని ఎవరూ నెమ్మదితనం అనుకోరు, బాధ్యత లేదంటారు.

కొత్తగా చేరాను. మొదటి నెలలో కనీసం ఏం చెయ్యాలి?

అందరి పేర్లూ మొదటి రోజే గుర్తుండవు. పక్క సీటు, ఎదురు సీటు, మీకు పని ఇచ్చేవాళ్ళు, మీ పని అందుకునేవాళ్ళు, సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ అంతా కలిపి పది పన్నెండు పేర్లు. మొదటి వారంలో ఇవి వస్తే చాలు. ఫోన్‌లో పేరు పక్కన ఊరు కూడా రాసుకోండి: "మునిరత్నం, స్టోర్స్, పుత్తూరు" అని. మన దిక్కు మాట మొదలయ్యేదే "మీదేవూరు?" అని. ఊరు తెలిస్తే రెండో మాట దానంతట అదే వస్తుంది. పుత్తూరంటే ఎముకల కట్టు, కాణిపాకమంటే వినాయకుడు, వెంకటగిరంటే చీరలు. మాటలు రానివాళ్ళకు ఇంతకంటే సులువైన దారి లేదు.

పిలుపు సంగతి. షాప్ ఫ్లోర్ మీద అన్నా, అక్కా నడుస్తాయి. ఆఫీసు గదిలో సార్, మేడం. మొదటి రెండు వారాలు సార్, మేడం అనే అనండి, వాళ్ళే "సార్ ఏంది, అన్నా అను" అంటారు. "అన్నా, నువ్వు తిన్నావా?" అనడం మన దగ్గర మర్యాదలోకే వస్తుంది. కోస్తా నుంచి వచ్చినవాళ్ళకు ఆ "నువ్వు" గుచ్చుకోవచ్చు, వాళ్ళతో "మీరు" వాడండి.

ఇంకొక్కటి. మొదటి రెండు వారాలు భోజనానికి గుంపుతోనే కూర్చోండి. మొదటి రోజే మూలకు పోయి తింటే ఆ ముద్ర పడిపోతుంది. ముందు కలిసి, తరువాత మెల్లిగా తగ్గించుకుంటే ఎవరూ పట్టించుకోరు.

భోజనం నేనొక్కడినే ప్రశాంతంగా తినాలనుకుంటాను. వాళ్ళేమో పిలుస్తూనే ఉంటారు.

వారంలో రెండు రోజులు వాళ్ళతో, మిగతా రోజులు మీ ఇష్టం. చాలామందికి ఈ లెక్క కుదురుతుంది. ఏ రోజులో ముందే ఖాయం చేసుకోండి, మంగళవారం, శుక్రవారం అని. రెండు మూడు వారాల్లో వాళ్ళకే తెలిసిపోతుంది, మిగతా రోజుల్లో పిలవడం మానేస్తారు. పిలిచినప్పుడల్లా కొత్త సాకు చెప్తూ పోతే మాత్రం పిలుపు ఆగదు, మీ మీద అనుమానమూ ఆగదు. "నాకు తినేటప్పుడు కొంచెం ఒంటరిగా ఉంటే బాగుంటుందన్నా, ఏమీ అనుకోవద్దు" అని నవ్వుతూ ఒక్కసారి చెప్పేయండి.

కలిసి కూర్చున్న రోజున బల్ల మీద ఏం జరుగుతుందో గమనించండి. క్యారియర్ మూత తిరగేసి, అందులో చెనిక్కాయల ఊరిబిండి ఇంత వేసి పక్కకు జరుపుతారు. నోటితో ఏమీ అనరు. ఆ మూత మీ దాకా వచ్చి, మీరు ముట్టకుండా అవతలికి జరిపితే, వద్దన్నది ఊరిబిండిని కాదు, వాళ్ళ ఇంటిని అన్నట్టు తోస్తుంది. గోరంత తీసుకుని జరపండి. ఒంటికి పడనిదైతే "నాకు కారం పడదక్కా, వాసన మాత్రం అదిరింది" అని చెప్పి జరపండి. మీ డబ్బాలోది కూడా రెండు చెంచాలు ఎక్కువ తెచ్చుకుంటే, మాట్లాడకుండానే బల్లలో మీ వాటా మీరు ఇచ్చినట్టవుతుంది.

శనివారం చాలామంది మాంసం ముట్టరు. పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా, నెలంతా మానేసేవాళ్ళూ ఉంటారు. ఆ రోజుల్లో కోడికూర తెస్తే ముందే చెప్పి కొంచెం దూరంగా కూర్చుంటే సరిపోతుంది.

కులాన్ని బట్టి వేరే బల్ల, వేరే గ్లాసు అనే అలవాటు ఎక్కడైనా కనిపిస్తే, దాన్ని "వాళ్ళ ఆచారం" అని సర్దుకోవద్దు. మీరు ఎంత ఒంటరి మనిషైనా, ఆ రోజు ఆ వేరు చేసిన మనిషి పక్కన కూర్చుని తినండి. రాతపూర్వకంగా హెచ్‌ఆర్‌కు చెప్పాల్సిన విషయం అది.

టీకి పిలిస్తే ప్రతిసారీ వెళ్ళాలా?

అక్కర్లేదు. మూడుసార్లు పిలిస్తే ఒకసారి వెళ్ళండి, ఆ ఒక్కసారీ డబ్బు మీరే ఇవ్వండి. వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు మీకు ఇప్పిస్తూ ఉంటే, లెక్క ఎవరూ పైకి అడగరు గానీ మనసులో ఉంటుంది. కూర్చోవడానికి పది నిమిషాలు చాలు. లేచేటప్పుడు "పని ఉంది, పోతాను" అనండి, వివరణ అవసరం లేదు.

కంపెనీ బస్సులో పోను గంటన్నర, రాను గంటన్నర. పక్క సీటు ఆయన ఆపకుండా మాట్లాడతాడు.

ఇయర్‌ఫోన్ పెట్టుకునే ముందు పలకరించండి, పెట్టుకున్న తరువాత కాదు. "ఏమన్నా బాగుండావా? రాత్రి నిద్ర లేదు, కొంచెం కళ్ళు మూసుకుంటా" అంటే ఎవరికీ బాధ ఉండదు. ఎక్కగానే కిటికీ సీటు చూసుకుని, రోజూ అక్కడే కూర్చోండి. నైట్ షిఫ్ట్ దిగి ఇంటికి పోయే బస్సులో అయితే నిద్రపోయేవాళ్ళదే హక్కు. స్పీకర్‌లో వీడియోలు పెట్టేవాళ్ళను ఆపమని అడగడానికి మొహమాటపడొద్దు. మీకు మొహమాటమైతే డ్రైవరన్నకు చెప్పండి, ఆయన ఒక్క కేక వేస్తే ఆగుతుంది.

వాట్సాప్ గ్రూపుల నుంచి బయటికి వచ్చేయొచ్చా?

పని గ్రూపు నుంచి వద్దు. సరదా గ్రూపు అయితే ముందు మ్యూట్ చేయండి. ఎనిమిది గంటలు, వారం, ఎప్పటికీ అని మూడు రకాలుంటాయి, "ఎప్పటికీ" పెట్టి ఆర్కైవ్‌లో పడేయండి. అప్పటికీ విసుగనిపిస్తే బయటికి రండి. 2022 నుంచి గ్రూపు వదిలితే ఆ కబురు అడ్మిన్‌లకే వెళ్తుంది. అయితే ఎవరు వెళ్ళిపోయారో 60 రోజుల దాకా సభ్యులు చూడగలరు, కాబట్టి ఎవరికీ తెలియదనుకోవద్దు.

ఉన్నన్నాళ్ళు మూడు సందేశాలకు తప్పక బదులివ్వండి: మీ పేరు పెట్టి అడిగినవి, పని గురించినవి, ఎవరైనా పోయారన్న కబురు. చావు కబురు కింద బొటనవేలు గుర్తు పెట్టొద్దు, ఒక్క వాక్యమైనా చేత్తో రాయండి. పార్టీల గురించి, కులాల గురించి వచ్చే ఫార్వర్డ్‌లకు లైకూ వద్దు, వాదనా వద్దు.

పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, జాతరలు. అన్నిటికీ పోవాలా?

పత్రిక చేతికిచ్చి పిలిచినవాళ్ళ ఇంటికి పొండి. నోటీసు బోర్డుకు అంటించిన పత్రికకు, గ్రూపులో పెట్టిన ఫొటోకు కవరు పంపితే చాలు. చదివింపులు ఎంతన్నది మీ జీతాన్ని బట్టి కాదు, మీతో సమానంగా పనిచేసేవాళ్ళు ఎంత పెడుతున్నారన్నదాన్ని బట్టి ఉంటే ఇబ్బంది లేదు. 116, 516, 1,116లో ఏదో ఒకటి. ఆఫీసు మొత్తం కలిపి ఇచ్చేటప్పుడు మీ వంతు అదే రోజు ఇచ్చేయండి. ఎవరో ఒకరు మీకోసం వేసి, తరువాత అడగలేక ఉండే పరిస్థితి రానివ్వొద్దు.

పెళ్ళికి పోకపోయినా క్షమిస్తారు. చావుకు పోకపోతే గుర్తుపెట్టుకుంటారు. మాట్లాడాల్సింది ఏమీ ఉండదక్కడ, పది నిమిషాలు నిలబడి రండి. మాటలు రానివాళ్ళకు నిజానికి ఇది సులువు.

జాతర సంగతి వేరు. మే నెలలో తిరుపతి గంగమ్మ జాతర వారంలో సెలవు చీటీలు కుప్పలు పడతాయి. వేషం కట్టేవాళ్ళు, ఇంట్లో పొంగళ్ళు పెట్టుకునేవాళ్ళు, చుట్టాలొచ్చినవాళ్ళు అందరికీ ఒకే రోజు కావాలి. మీకు ఆ పండగ పెద్దగా లేకపోతే ఆ రోజు షిఫ్ట్ మీరు తీసుకోండి. బ్రహ్మోత్సవాలప్పుడు ఆసుపత్రుల్లో, ఆర్టీసీలో సెలవులు దొరకవు, అప్పుడూ ఇంతే. ఏడాదిలో రెండుసార్లు ఇలా షిఫ్ట్ మార్చుకున్న మనిషి మిగతా మూడు వందల రోజులు మౌనంగా ఉన్నా వాళ్ళకు సొంతమనిషే. మార్పిడి మాత్రం నోటి మాటగా వద్దు, ఇన్‌చార్జికి మెసేజ్ పెట్టి, ఆయన సరే అన్నాకే.

వేరే ఊరి బ్రాంచి వాళ్ళు ఫోన్ చేసేది దర్శనం టికెట్ల కోసమే. ఎట్లా కాదనాలి?

తిరుపతిలో ఉద్యోగం అంటే ఇది తప్పదు. వెంటనే, అందరికీ ఒకే జవాబు చెప్పండి: "నాకు కోటా ఏమీ లేదు సార్. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టీటీడీ ఆన్‌లైన్‌లోనే, ముందుగా బుక్ చేసుకోవాలి." ఆ లింకు పంపేయండి. "చూస్తాను" అనొద్దు. ఆ ఒక్క మాటతో వాళ్ళు రైలు టికెట్లు కొనేసుకుంటారు, తరువాత తప్పు మీదవుతుంది. ఒకరికి సిఫారసు లేఖ ఇప్పించి ఇంకొకరికి కాదంటే రెండో మనిషి దూరమవుతాడు. మధ్యలో డబ్బు అస్సలు ముట్టొద్దు. టికెట్లకు మధ్యవర్తులుగా డబ్బు తీసుకున్నవాళ్ళ మీద పోలీసు కేసులు నమోదవుతూనే ఉన్నాయి. సాయం చెయ్యాలనుంటే స్టేషన్ నుంచి ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ శుభ్రంగా తినొచ్చో చెప్పండి. అంతకుమించి మీ మీద బాకీ లేదు.

ఆఫీసు చీటీలో చేరమంటున్నారు. చేరకపోతే దూరం పెడతారేమో.

చేరకపోతే వారం రోజులు గొణుగుతారు, చేరి దెబ్బతింటే స్నేహమూ పోతుంది, డబ్బూ పోతుంది. చీటీ ఎట్లా తెగుతుందో చూడండి. ఇరవై మంది, నెలకు 5,000, ఇరవై నెలలు, లక్ష చీటీ. మొదటి నెల పాటలో ఒకాయన 25,000 తగ్గించుకుని 75,000 తీసుకుంటాడు. ఇంకా పందొమ్మిది నెలలు ఆయన కట్టాలి. ఏడో నెలలో బదిలీ అయ్యాడు, పన్నెండో నెల నుంచి ఫోన్ ఎత్తడు. చివరి దాకా పాడకుండా ఆగినవాళ్ళే నష్టపోతారు, వాళ్ళు సాధారణంగా నెమ్మదస్తులే. అడగడానికి మొహమాటం ఉన్న మనిషికి ఇలాంటి చీటీ సరిపడదు. పైగా 1982 చిట్‌ఫండ్ చట్టం ప్రకారం ముందస్తు అనుమతి, రిజిస్ట్రేషన్ లేని చీటీ చెల్లదు. పోలీసుల దగ్గరికి పోయినా ముందు ఆ ప్రశ్నే వస్తుంది.

"మా ఇంట్లో చీటీలు వద్దన్నారన్నా, బ్యాంకులో ఆర్‌డీ కడుతున్నా" అంటే చాలు.

లోనుకు షూరిటీ సంతకం పెట్టమన్నారు. "ఊరికే ఫార్మాలిటీ" అంటున్నారు.

ఫార్మాలిటీ కానే కాదు. 1872 కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో జామీనుదారుకూ అంతే బాధ్యత. ముందు ఆయన్ను అడిగి, ఆయన కట్టకపోతేనే మిమ్మల్ని అడగాలన్న నియమం లేదు. నేరుగా మీ మీదికే రావచ్చు. కోర్టు డిక్రీ వస్తే జీతం అటాచ్ చేస్తారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు ముట్టకూడదు. లెక్కకు వచ్చే జీతం 31,000 అయితే, 1,000 తీసేయగా 30,000, అందులో మూడో వంతు 10,000. నెలకు పదివేలు, మీరు తీసుకోని అప్పుకు.

ప్రభుత్వ ఉద్యోగుల సంతకానికి విలువ ఎక్కువ కాబట్టి అడిగేదీ వాళ్ళనే. ఉద్యోగంలో చేరిన రోజు నుంచే "ఎవరికీ షూరిటీ పెట్టను" అన్న మాట మీద నిలబడండి. ఒకరికి పెట్టాక ఇంకొకరికి కాదనడం చాలా కష్టం. కాదంటే స్నేహం చెడుతుందని భయపడతారు గానీ, పెట్టి చెడిన స్నేహాలే ఎక్కువ. చేబదులు అడిగితే, తిరిగి రాకపోయినా మీకు నిద్రపట్టేంత మొత్తమే ఇవ్వండి, ఫోన్‌పేలో ఇవ్వండి, నగదు వద్దు.

జీతమెంత, కులమేంటి, పెళ్ళెప్పుడు, పిల్లలెప్పుడు అని అడుగుతారు.

అడిగేవాళ్ళలో చాలామందికి చెడు ఉద్దేశం ఉండదు, మన దగ్గర పలకరింపు దారే అది. అయినా చెప్పాల్సిన పని లేదు. జీతానికి "ఇంటికి సరిపోతుందన్నా". పెళ్ళికి "కుదిరితే ముందు మీకే పత్రిక". కులానికి మాత్రం నవ్వు కూడా వద్దు, "ఆ సంగతి పనికి అవసరం లేదులెండి" అని మామూలు గొంతుతో చెప్పి పనిలోకి తిరగండి. పిల్లల గురించి గుచ్చి గుచ్చి అడిగేవాళ్ళకు "ఆ విషయం అడగొద్దక్కా, బాధగా ఉంటుంది" అని నేరుగా అనొచ్చు. సాకుల కంటే ఆ మాటే త్వరగా ఆపుతుంది.

చాడీలు చెప్పే గుంపు పక్కనే నా సీటు. వింటే చాలు నన్నూ కలుపుకుంటారు.

విన్నారన్నదాన్నే మీరూ అన్నారని మారుస్తారు, అది నిజమే. "నాకు ఆ సంగతి తెలీదు" అని ఒక్క మాట అని, వెంటనే పని ప్రశ్న అడగండి: "ఆ జీఎస్టీ ఫైలు ఎవరి దగ్గరుంది?" నీతులు చెప్పొద్దు, తరువాతి చాడీ మీ మీదే తయారవుతుంది.

కలవకపోతే ప్రమోషన్ పోతుందా?

పోవచ్చు. మాట్లాడలేదని కాదు, మీరు చేసిన పని పైవాళ్ళకు కనబడలేదని. ప్రతి శుక్రవారం సాయంత్రం మీ పై అధికారికి నాలుగు వరుసలు రాయండి: ఈ వారం ఏం పూర్తయింది, ఏం ఆగింది, ఎవరి దగ్గర ఆగింది, వచ్చే వారం ఏం చేస్తారు. అంతే. టీ కొట్టు దగ్గర గంటసేపు కూర్చునేవాళ్ళకు మాటల్లో జరిగే పని మీకు రాతలో జరుగుతుంది.

ఉద్యోగం మారాలనుకునేవాళ్ళకు ఇంకో సంగతి. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో రాసిన వ్యాసంలో, తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళను అడిగి చూశారు. ఆ కబురు చెప్పిన మనిషిని తరచుగా కలిసేవాళ్ళు 16.7 శాతమే. అప్పుడప్పుడు కలిసేవాళ్ళు 55.6 శాతం, ఎప్పుడో గానీ కలవనివాళ్ళు 27.8 శాతం. ప్రాణస్నేహితులకు తెలిసింది మనకూ ముందే తెలిసి ఉంటుంది, కొత్త కబురు దూరపు పరిచయాల నుంచే వస్తుంది. కాబట్టి నెమ్మది మనిషికి పదిమంది ఆప్తులు అక్కర్లేదు, కనబడితే తల ఊపి రెండు మాటలు మాట్లాడే నలభై మంది ఉంటే మేలు.

ఏడాదైంది, ఒక్కరు కూడా స్నేహితులు కాలేదు. నాలో లోపమా?

కాదు. కాన్సస్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ జెఫ్రీ హాల్ 2018లో వెలువడిన పరిశోధనలో, పరిచయం మామూలు స్నేహం కావడానికి సుమారు 50 గంటలు, స్నేహం కావడానికి 90, దగ్గరి స్నేహానికి 200 గంటలకు పైనే కలిసి గడపాలని లెక్కతేల్చారు. పక్కపక్కన పనిచేసిన గంటలు అందులో పెద్దగా కలిసిరావు, తీరికగా గడిపినవే కలిసొస్తాయి. వారానికి రెండు భోజనాలు, అరగంట చొప్పున అయితే 50 గంటలకు ఏడాది పడుతుంది. మీరు ఆలస్యం కాలేదు.

టీంలో అందరూ తమిళం మాట్లాడుకుంటారు. నాకు రాదు.

శ్రీసిటీలో, చిత్తూరులో ఇది మామూలే. వాళ్ళు మిమ్మల్ని వదిలేయాలని కాదు, నోటికి వచ్చిన భాష అది. "సాప్టాచ్చా?" (తిన్నారా?) అన్న ఒక్క మాట నేర్చుకుని భోజనం వేళ అడిగి చూడండి, వాళ్ళు తెలుగులోకి దిగుతారు. పని విషయం మాత్రం "తెలుగులోనో ఇంగ్లీషులోనో చెప్పండన్నా" అని ప్రతిసారీ అడగండి. అర్థం కాకుండా తల ఊపితే లైన్ మీద తప్పు జరుగుతుంది.

నేను ఆడమనిషిని. దూరంగా ఉంటే పొగరంటారు, నవ్వి మాట్లాడితే ఇంకోలా అనుకుంటారు.

ఇది మీరు సరిచేయాల్సిన లోపం కాదు. మాట మామూలుగా మాట్లాడండి. రాత్రి పది దాటాక వచ్చే పని కాని మెసేజీలకు మరునాడు పొద్దున పని వేళలో, పని గురించి మాత్రమే బదులివ్వండి. హద్దు దాటితే స్క్రీన్‌షాట్లు, తేదీ, సమయం, పక్కన ఎవరున్నారో అదే రోజు రాసి పెట్టుకోండి. పనిచేసే చోట ఆడవాళ్ళ మీద లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం పదిమందీ అంతకు మించీ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకు తక్కువమంది ఉన్న షాపులు, చిన్న సంస్థల వాళ్ళు జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చెయ్యొచ్చు. ఘటన జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలి.

నాకు ఒంటరితనం ఇష్టమా, లేక వాళ్ళే నన్ను వెలివేశారా? ఎట్లా తెలుస్తుంది?

పని కబురు మీకు చేరుతోందా లేదా చూడండి. టీకి పిలవకపోతే అది వాళ్ళ స్నేహం. మీటింగుకు పిలవకపోతే, షిఫ్ట్ మారిందని చెప్పకపోతే అది వెలి. రెండోదానికి తేదీలతో సహా రాసి మేనేజరుకు ఇవ్వండి.

ఇంతకుముందు ఇష్టమైనవి కూడా ఇప్పుడు చేదనిపిస్తూ, నిద్ర, తిండి తప్పి, పలకరింపుకు బదులివ్వడమే బరువై రెండు వారాలు దాటితే అది స్వభావం కాకపోవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

నేను సూపర్‌వైజర్‌ని. మా టీంలో ఒకాయన ఎవరితోనూ కలవడు. కలపాలా?

పని బాగుంటే వదిలేయండి. అందరి ముందూ "ఏమబ్బా, నోరు విప్పవా?" అనడం మానండి, అది చాలా కాలం గుచ్చుకుంటుంది. మీటింగులో అభిప్రాయం కావాలంటే ముందు రోజే అంశం పంపండి, అప్పటికప్పుడు అడిగితే ఆయన దగ్గర ఉన్నదీ బయటికి రాదు. పుట్టినరోజు కేకు ఆయనకు ఇష్టమో లేదో విడిగా కనుక్కోండి.

మూడేళ్ళుగా ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడు మొదలుపెడితే వింతగా అనుకోరా?

ఒక్కసారిగా మారితే అనుకుంటారు. ఒక్క మనిషితో మొదలుపెట్టండి, అదీ పని సాయం అడిగి: "అన్నా, ఈ ఎక్సెల్ ఫార్ములా ఎట్లా వేసినావు, చూపిస్తావా?" సాయం చేసిన మనిషికి మీరు కొంచెం దగ్గరైనట్టే. మరునాడు, అది పనిచేసిందని పోయి చెప్పండి. చాలామంది మరిచిపోయేది ఇదే. వారం తరువాత ఇంటి నుంచి బొరుగుల ఉండలో, చెనిక్కాయల ఉండలో డబ్బాలో తెచ్చి, ఎవరినీ పిలవకుండా బల్ల మీద మూత తీసి పెట్టండి.